ఆ సర్వర్‌ను తుక్కుకు వేయకండి

2025 అక్టోబర్ 14న రెండు జరిగాయి. విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ పెడతామని గూగుల్ ఒప్పందం చేసుకుంది. అదే రోజు విండోస్ 10కి సపోర్టు, అంటే కంపెనీ ఇచ్చే ఉచిత అప్‌డేట్లు, ఆగిపోయింది. మొదటిదానికి ఊరంతా సంబరపడ్డాం. రెండోదాని పుణ్యమా అని ఎన్ని మిషన్లు తుక్కు బండి ఎక్కాయో ఎవరికి పట్టింది? ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఫైళ్లు అందించే పెద్ద మిషన్ల, అంటే సర్వర్ల, సంగతీ అంతే. విండోస్ సర్వర్ 2012కి 2023 అక్టోబర్‌లోనే మంగళం పాడేశారు.

మొన్న ద్వారకానగర్‌లో మిత్రుడి ఆఫీసులో అలాంటి పాత సర్వరే ఒకటి మూల పడి ఉంది. డెల్ ఆర్710, 2009లో వచ్చిన మోడల్. ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పట్టాయి. స్విచ్ వేస్తే ఫ్యాన్ల హోరుకు పక్క గదిలోవాళ్లు తొంగిచూశారు. లైనక్స్ రకం ఉచిత ఆపరేటింగ్ సిస్టం డెబియన్ 12 ఎక్కించాం. డిస్కులన్నీ కనిపించాయి.

సపోర్టు లేదంటే మిషన్ చచ్చిపోయిందని కాదు, దాన్ని పరీక్షించే పని కంపెనీ మానుకుందని. ఈ మోడల్‌లో పెర్క్ 6/ఐ అనే రెయిడ్ కార్డు వస్తుంది, ఒక డిస్కు పోయినా డేటా మిగిలేలా డిస్కులను కలిపి నడిపేది అదే. ఆ కార్డును, కంపెనీలకు లైనక్స్ అమ్మే రెడ్‌హ్యాట్ తన 8వ వెర్షన్‌లో పక్కన పెట్టింది. కార్డుకేం కాలేదు, దాన్ని నడిపే డ్రైవరూ లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నల్లో ఉంది. రెడ్‌హ్యాట్ 10కి కనీసం 2013 నాటి హాస్‌వెల్ తరం ప్రాసెసర్ కావాలి. అదే 10ని అంతకంటే పాత ప్రాసెసర్లకు సరిపడేలా కట్టి ఆల్మాలైనక్స్ వాళ్లు ఉచితంగా ఇస్తున్నారు.

కరెంటు మాటేమిటంటారా? నిజమే. 150 వాట్ల చొప్పున రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 108 యూనిట్లు. మిషన్‌ను మేల్కొలిపే ప్రోగ్రాం బయోస్‌కు లోపాలు సరిచేసే ప్యాచ్‌లూ రావు, కాబట్టి కస్టమర్ల లెక్కలు దీని మీద పెట్టొద్దు, నేరుగా ఇంటర్నెట్‌కు తగిలించొద్దు.

రాత్రింబవళ్లు నడపమని ఎవరన్నారు? కాలేజీ ల్యాబ్‌లో రోజుకు రెండు గంటలు చాలు. మన ఇంజినీరింగ్ పిల్లలు క్లౌడ్ సర్టిఫికెట్లు బోలెడు తెస్తున్నారు. సర్వర్ మూత తీసినవాళ్లు ఎందరు? ఊరి పక్కనే గిగావాట్ డేటా సెంటర్ లేస్తుంటే, అందులో మనవాళ్లకు గేటు దగ్గర ఉద్యోగాలేనా? ఆఫీసులు వదిలించుకునే సర్వర్లను ముందు కాలేజీలకు ఇప్పించడం కలెక్టర్ ఒక్క సర్క్యులర్‌తో అయ్యే పని.

ఆ రోజు అక్కడున్న బీటెక్ ఫైనలియర్ కుర్రాడిని, నడుస్తున్న డిస్కు లాగమన్నాం.

"డేటా పోతే సార్?"

"పోనీ, అందులో ఏముందని!"

లాగాడు. నారింజ లైటు వెలిగింది, సిస్టం మాత్రం ఆగలేదు. డిస్కు మళ్లీ తోసి, అందులో డేటా తిరిగి నింపే రీబిల్డ్ ఎంత శాతం అయిందో చూస్తూ కూర్చున్నాడు. టీకి పిలిచినా రాలేదు.