తగ్గని ఎనిమిది దద్దుర్లు

నిన్నటి అవమానం ఇంకా చల్లారలేదు కనుక ఆ వేడిమీదనే రాస్తున్నాను. మా చిట్టికి చూలు నిలిచి 40 రోజులు. కుక్కలు సుమారు 63 రోజులకే ఈనుతాయి కాబట్టి సగానికి పైగా గడిచినట్టే. అది పెరట్లో ఒక కందిరీగను నోటితో పట్టబోయి కుట్టించుకుంది. కాసేపటికే పై పెదవి ఉబ్బింది, వీపు మీద వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా నిక్కబొడుచుకున్నాయి, పొట్ట మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి.

పశువుల ఆసుపత్రికి ఫోన్ చేస్తే, టీకాలకు ఒకటి, గోళ్ళు కత్తిరించడానికి రెండు, స్నానానికి మూడు నొక్కమని యంత్రం తీరిగ్గా చెప్పింది గాని, ఉబ్బిన పెదవికి ఏ అంకె నొక్కాలో చెప్పలేదు. తొమ్మిది నొక్కి చూశాను. మళ్ళీ టీకాల దగ్గర మొదలుపెట్టింది.

ఆ నిరీక్షణలోనే నాలోని శాస్త్రజ్ఞుడు మేల్కొన్నాడు. దద్దురు చుట్టూ సిరాతో గీత గీస్తే అది పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుందని ఎప్పుడో విన్నాను. చెరగని ఆకుపచ్చ సిరా పెన్ను తెచ్చి, చిట్టిని వెల్లకిలా పడుకోబెట్టి, కనిపించిన ప్రతి బొడిపె చుట్టూ శ్రద్ధగా ఒక వలయం గీశాను. మొత్తం 17 అయ్యాయి. వాటిలో తొమ్మిది అడ్డదిడ్డంగా ఉండగా, ఎనిమిది మాత్రం కుడివైపు నాలుగు, ఎడమవైపు నాలుగుగా, బడిపిల్లల్లా వరుస తప్పకుండా నిలబడ్డాయి. ఇంత క్రమశిక్షణ గల దద్దుర్లను చూసి నేను అనుమానించవలసింది పోయి, ఇది వ్యాధి ముదిరిన లక్షణమై ఉంటుందని వాటికి రెండోసారి కూడా గీత దిద్దాను. చిట్టి నా ముఖం వంక చూసిన చూపు అప్పుడు అర్థం కాలేదు.

దద్దుర్లకు ఒక గుణం ఉందట. చర్మంలో హిస్టమిన్ విడుదలై, రక్తనాళాల నుంచి ద్రవం ఊరి లేచిన ఆ ఉబ్బు ఒకచోట అణిగి మరోచోట తేలుతుంది. ఆసుపత్రి చేరేసరికి తొమ్మిది వలయాలు ఖాళీ అయిపోయాయి. డాక్టరమ్మ కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు పరిశీలించి, "ఈ తొమ్మిదీ తగ్గాయండీ. ఆ ఎనిమిదీ కూడా తగ్గిపోతే రేపు పిల్లలు పాలెక్కడ తాగుతాయి?" అన్నారు. ఆ మాటకు నవ్వడమే కాక, పక్కగదిలోని వాళ్ళను కూడా పిలుచుకువచ్చిన ఆ సహాయకుడు, ఇందాక నేను ఫోన్‌లో అంకెలు నొక్కుతున్నప్పుడు ఏ గదిలో ఉన్నాడో నాకు తెలియదు.

మామూలు కుక్కకైతే స్టిరాయిడ్ సూది వేసేవారట. చూలుతో ఉన్నదానికి వేస్తే గర్భం పోవచ్చని, పిల్లలు అంగిలి చీలి పుట్టవచ్చని మానుకుని, బరువును బట్టి యాంటీహిస్టమిన్ ఇచ్చారు. ఆ బరువు తూచిన వైనం రాయను. తూకపు బల్ల మీదికి నేనూ ఎక్కవలసి వచ్చిందని మాత్రం ఒప్పుకుంటాను. ముఖం వాపు పెరిగినా, ఊపిరి కష్టమైనా క్షణం ఆలస్యం చేయకుండా తీసుకురమ్మన్నారు. ఫోన్ చేసి రమ్మనలేదు, గమనించాను.

ఉదయానికి చిట్టి పెదవి మామూలైపోయింది. వలయాలు పోవడానికి కాస్త నూనె రాసి చూశాను. నూనెంతా నాకేసింది.