‘పళ్లేమైనా ఉన్నాయా?’ అనే ప్రశ్న గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘పళ్లూ మొక్కలూ ఏమైనా తెస్తున్నారా?’ అనే ప్రశ్న గారి సముఖమునకు, శాన్ హోసే నివాసి అయిన ఒక కరివేపాకు దోషి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరమూ క్షేమం. మా నిమ్మకాయలు మాత్రం మీ దగ్గరే ఉండిపోయాయి. వాటి క్షేమ సమాచారాలు తెలియజేయమని అడగను. వాటికి ఆ సాయంత్రమే నూకలు చెల్లిపోయి ఉంటాయని నాకు తెలుసు.

తెలుగునాట ఉన్న చదువరులకు మీరెవరో తెలియకపోవచ్చు కనుక ముందుగా మీ ప్రవర చెప్పవలసి ఉంది. అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి కారులో వెళ్లేవాణ్ణి సాధారణంగా ఎవరూ ఆపరు. స్వాగతం పలికే బోర్డు ఒకటి వెనక్కి వెళ్లిపోతే రాష్ట్రం మారినట్టే లెక్క. కాలిఫోర్నియా మాత్రం అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు. ఒరెగాన్, నెవాడా, అరిజోనాల వైపు నుంచి వచ్చే పెద్ద రోడ్ల మీద ఆ రాష్ట్ర వ్యవసాయ శాఖ వారి తనిఖీ కేంద్రాలు 16 ఉన్నాయి. 1920ల నాటి నుంచీ సాగుతున్న ఏర్పాటు ఇది. అక్కడ పాస్‌పోర్టు అడగరు, వీసా అడగరు. యూనిఫాం వేసుకున్న ఉద్యోగి కిటికీ వైపు వంగి మిమ్మల్ని ఉచ్చరిస్తాడు, అంతే. పదేళ్లపాటు హెచ్1బి కాగితాల సంచీని చంటిబిడ్డలా ఒడిలో పెట్టుకుని తిరిగిన నాబోటి వాడికి, మనిషి పుట్టుపూర్వోత్తరాలతో పని లేకుండా నిమ్మకాయల పుట్టుపూర్వోత్తరాలు మాత్రమే విచారించే సరిహద్దు ఒకటి ఈ దేశంలో ఉందని తెలిసినప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఆ ఆనందమే నా కొంప ముంచింది.

మా పిన్ని కూతురు, నేను పెద్దక్కా అని పిలిచే ఆవిడ, ఫీనిక్స్‌లో ఉంటుంది. అక్కడి ఎండలకు మనుషులు వడలిపోతారు గానీ నిమ్మ జాతి చెట్లు మాత్రం పెరటిపెరటికీ విరగకాస్తాయి. గూడూరు నుంచి ఆరు నెలల కోసం వచ్చిన మా అమ్మను తీసుకుని ఆమె ఇంటికి వెళ్లాము. బయలుదేరే రోజు తెల్లవారుజామున అక్కాచెల్లెళ్ల బిడ్డల మర్యాదలన్నీ యథావిధిగా జరిగాయి. బొట్టు పెట్టారు, రవికెల గుడ్డ పెట్టారు, ఆపైన ఆకులతో తొడిమలతో సహా ఒక సంచీడు నిమ్మకాయలూ, తడిగుడ్డలో చుట్టిన చేతికర్రంత పొడుగు కరివేపాకు కొమ్మలు నాలుగూ కారెక్కించారు. గూడూరు మార్కెట్టులో బస్తాలకు బస్తాలు నిమ్మకాయలు వేలానికి పోవడం చూస్తూ పెరిగిన మనిషి మా అమ్మ. అటువంటి మనిషి అమెరికాలో నిమ్మకాయలు డాలరుకు ఇన్నని ఎంచి కొనడం చూసి తట్టుకోలేక, ఆ సంచీని డిక్కీలో కూడా పెట్టనివ్వకుండా తన కాళ్ల దగ్గరే ఉంచుకుంది.

ఐ-10 రహదారి మీద కొలరాడో నది దాటితే కాలిఫోర్నియా వస్తుంది. నది దాటాము, వరుసలో నిలబడ్డాము, మా వంతు వచ్చింది. ఉద్యోగి పాతికేళ్ల కుర్రవాడు, ముఖం ఎండకు కందిపోయి ఉంది. అతని నోటి నుంచి మీరు వెలువడ్డారు. నేను ‘లేవు’ అనబోతున్నాను. సత్యవ్రతుణ్ణని బుకాయించను. ఆ రెండక్షరాలూ అప్పటికే నాలుక చివర నిలబడి ఉన్నాయి. అంతలో వెనక సీటులో నుంచి మా అమ్మ అడిగింది.

“ఏమంటున్నాడురా ఆ అబ్బాయి?”

“పళ్లున్నాయా అంటున్నాడమ్మా.”

“అయ్యో, ఎండన నిలబడి ఉన్నాడు పాపం. దాహంగా ఉందేమో. నాలుగు నిమ్మకాయలివ్వు, చల్లగా కలుపుకుని తాగుతాడు.”

అంటూనే సంచీలోంచి నాలుగు మంచివి ఏరి, కిటికీ దించి, రెండు చేతులతో అతనికి అందించింది. మీ శతాబ్ది చరిత్రలో మీకు ఇంత సూటిగా, ఇంత సాక్ష్యాధారాలతో సహా సమాధానం చెప్పినవారు మరొకరు ఉండరని నా నమ్మకం. ఆ కుర్రవాడు కాసేపు ఆ నిమ్మకాయల వైపూ, కాసేపు నా వైపూ చూశాడు. నా ముఖంలో ఏం కనిపించిందో గానీ మమ్మల్ని పక్కకు వెళ్లి ఆగమన్నాడు.

తరువాతి పావుగంట గురించి ఎక్కువ చెప్పను. నిమ్మకాయలు పోయాయి. తడిగుడ్డ విప్పగానే ఆ ప్రాంతమంతా మా ఇంటి పోపు వాసన కమ్ముకుంది. అతను ఒక్కొక్క రెబ్బనూ తిప్పి చూసి కొమ్మలన్నింటినీ డబ్బాలో వేశాడు. ‘కూరలో కరివేపాకులా తీసిపారేశారు’ అనే మాటను నేను నలభై ఏళ్లుగా వాడుతున్నాను గానీ, కూరతో నిమిత్తం లేకుండా తీసిపారేయడం చూడడం అదే మొదలు. ఆవకాయ సీసాను మాత్రం మూత తీసి, వెంటనే మూత పెట్టి, రెండు చేతులతో భద్రంగా తిరిగి ఇచ్చాడు. ఉడికించినవీ ఊరబెట్టినవీ అయితే పురుగు బతకదు కనుక ఫరవాలేదని అతను చెప్పాడు గానీ, అతని కళ్లలో తిరిగిన నీళ్లు చూసి మా అమ్మ వేరే కారణం ఊహించుకుని సంతోషించింది.

ప్రశ్న గారూ, ఇప్పుడు మీ మీద నా ఫిర్యాదు వినండి. మా వాళ్లలో వట్టి చేతులతో ఎవరూ ఎవరి ఇంటికీ వెళ్లరు. బాలింతను చూడబోయినా, ఆసుపత్రిలో ఉన్నవాళ్లను పలకరించబోయినా, పెళ్లికి పిలవబోయినా చేతిలో పళ్లు ఉండవలసిందే. అటువంటి జాతిని పట్టుకుని ‘పళ్లున్నాయా?’ అని నేరస్థుణ్ణి అడిగినట్టు అడగడం ఎంతవరకు మర్యాద? మా దృష్టిలో ఆ ప్రశ్నకు ‘లేవు’ అన్నవాడే సిగ్గుపడవలసినవాడు. ఈ ఫిర్యాదును ఇంకా నాలుగు పేజీలు పెంచగల శక్తి నాకు ఉంది గానీ, తిరిగి కారెక్కబోతుండగా ఆ కుర్రవాడు చేతిలో పెట్టిన కరపత్రం నా వాదాన్ని చెడగొట్టింది.

దాని మీద ఒక పురుగు బొమ్మ ఉంది. ఆసియా సిట్రస్ సిల్లా అట. నువ్వుగింజంత ఉంటుంది, ఆకు మీద తల వంచి తోక ఎత్తి కూర్చుంటుంది. నిమ్మ, బత్తాయి, నారింజలకు కరివేపాకు దగ్గరి చుట్టం కనుక ఆ లేత చిగుళ్లంటే దానికి మహా ఇష్టం. అది మోసుకొచ్చే బాక్టీరియా వల్ల వచ్చే తెగులు పేరు గ్రీనింగ్. చైనా వారు దానినే పసుపు డ్రాగన్ వ్యాధి అంటారు. ఆకులు మచ్చమచ్చలుగా పసుపెక్కుతాయి, కాయ వంకర తిరిగి అడుగున పచ్చగానే ఉండిపోతుంది, రసం చేదెక్కుతుంది, చివరకు చెట్టు పోతుంది. మందు లేదు. ఫ్లోరిడాలో ఈ తెగులు 2005లో బయటపడింది. 2003-04లో 24 కోట్ల పెట్టెల నారింజలు పండించిన ఆ రాష్ట్రం, తుపాన్లు కూడా తోడై, 2022-23 నాటికి కోటిన్నర పెట్టెల కంటే కొంచెం ఎక్కువకు దిగజారింది. కాలిఫోర్నియాలో ఆ పురుగు 2008లోనూ, తెగులు 2012లో లాస్ ఏంజెలెస్ జిల్లాలో ఒక పెరటి చెట్టు మీదా కనిపించాయి. పెరటి చెట్టు అన్న మాటను గమనించమని చదువరులకు మనవి. నిష్టూరం తప్పదు గానీ, అది తోటలో కాదు, మనలాంటివాళ్ల ఇంటి వెనక దొరికింది.

నేను చదివి తెలుగులో చెబుతుంటే అమ్మ కళ్లజోడు సర్దుకుని బొమ్మ చూసింది. “ఇదా! మీ మామయ్య బత్తాయి తోటకు పట్టింది ఇదేరా” అన్నది. మా మేనమామ అనంతపురం జిల్లాలో వేసిన తోట అది. ఒకవైపు బోర్లు ఎండడం, మరొకవైపు ఆకు పసుపెక్కడం. నరికించిన రోజున ఆయన రోడ్డు మీదికి రాలేదని మాత్రమే ఇంతకాలం విన్నాను. ఆ తరువాత చాలాసేపు అమ్మ నిమ్మకాయల ఊసెత్తలేదు.

అందుచేత మీరు అడగడం తప్పని ఇక అనలేను. కానీ మీరు దేని మీద ఆధారపడి నిలబడ్డారో ఆలోచిస్తే నవ్వాగదు. డిక్కీలన్నీ తెరిపించడం ఎవరి తరమూ కాదు కనుక, కాలిఫోర్నియా తోటలన్నీ కారులో కూర్చున్నవాడు పలికే ఒక్క ‘లేవు’ మీద నిలబడి ఉన్నాయి. ఆ మాట అనేటప్పుడు, అడిగింది ఆ పళ్ల గురించి కాకపోయినా, ప్రతివాడూ ముప్పై రెండు పళ్లూ బయటపెట్టి నవ్వుతాడు. అనుమానం వస్తే ఆ నవ్వు దగ్గరే రావాలి. పైగా, మేము ఏ బడిలో చదువుకుని వచ్చామో మీకు తెలియదు. మా దేశంలో మీ జ్ఞాతులు చాలామంది ఉండేవారు. 2017లో జీఎస్టీ వచ్చేదాకా లారీల వాళ్లను ‘బిల్లులున్నాయా?’ అని అడిగిన పెద్దాయన ఉండేవాడు. 2014 తరువాత రాష్ట్ర సరిహద్దు అయిన గరికపాడు దగ్గర, 2020 మార్చి లాక్‌డౌన్‌లో హాస్టళ్లు ఖాళీ చేసి ఇళ్లకు బయలుదేరిన పిల్లల్ని ‘ఎక్కడి నుంచి?’ అంటూ రోడ్డు మీదే నిలబెట్టినవాడు ఉన్నాడు. అదే ఏడాది ‘సీసాలున్నాయా?’ అనే రసికుడు కూడా వెలిశాడు. పొరుగు రాష్ట్రం నుంచి మనిషికి మూడు మద్యం సీసాలు తెచ్చుకోవచ్చని సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పినప్పుడు, మద్యం వాసన గిట్టని అమ్మమ్మలను సైతం కారులో ఎక్కించుకుని లెక్క సరిచేసుకున్నవాళ్లు ఉన్నారని చెప్పుకునేవారు. ఇటువంటి గురువుల దగ్గర ‘ఏమీ లేవు సార్’ నేర్చుకుని వచ్చిన వాళ్లం మేము. విదేశం నుంచి విమానంలో వచ్చేటప్పుడు దాచి పట్టుబడితే మొదటి తప్పుకే 1,000 డాలర్ల దాకా వేయవచ్చునన్న భయం ఉన్నా, పసుపు కుంకాల పొట్లాల మధ్య కరివేపాకు పొట్లాన్ని దించగల నేర్పు మా సొంతం.

మీ చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటి ఉంది. ఇప్పుడు మా తెలుగువాళ్లు ఇళ్ల ధరల గురించి మాట్లాడుకునే ఈ శాంటా క్లారా లోయలోనే 1980లో మధ్యధరా పండ్ల ఈగ దొరికింది. మరుసటి ఏడాది హెలికాప్టర్లతో ఊళ్ల మీద మలాథియాన్ చల్లవలసి వచ్చింది. జనం బెంబేలెత్తుతుంటే, బి. టి. కాలిన్స్ అనే ప్రభుత్వాధికారి ఆ మందు కలిపిన నీళ్లను ఒక గ్లాసుడు అందరి ఎదుటా తాగి చూపించాడు. ఒక ఈగ కోసం అంత దూరం వెళ్లిన రాష్ట్రం, దాని కాపలాను ఇవాళ్టికీ నావంటి వాడి నిజాయితీకి అప్పగించింది. మీకు ఉన్నది నమ్మకమో, నిస్సహాయతో నేను తేల్చుకోలేకపోతున్నాను.

ఇంతకూ ఈ లేఖ రాయడానికి అసలు కారణం మొన్న ఆదివారం జరిగింది. మా పెరట్లో కుండీలో ఒక కరివేపాకు మొక్క ఉంది. నాలుగిళ్ల అవతల ఉండే తెలుగువారి అబ్బాయి వచ్చి, “అంకుల్, రేపు రీనో వెళుతున్నాం, మా అత్తయ్య వాళ్లకు రెండు కొమ్మలు ఇస్తారా?” అని అడిగాడు. సిల్లా క్వారంటైన్ ప్రకటించిన ప్రాంతం నుంచి కరివేపాకు మొక్కా ఆకూ బయటికి పోరాదని ఈ మధ్యనే చదివి ఉన్నాను. కత్తెర చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. “వచ్చేటప్పుడు అక్కడి నుంచి పళ్లూ మొక్కలూ ఏమైనా తెస్తారా?” అన్నాను. ఆ మాట నా నోట పలికింది గానీ గొంతు మీదే. ఆ కుర్రవాడు తడుముకోకుండా, ముప్పై రెండూ కనిపించేలా నవ్వి, “లేదంకుల్” అన్నాడు.

కొమ్మలు ఇవ్వలేదు. కరివేపాకు పొడి ఒక సీసా ఇచ్చి పంపాము. వేయించినది కనుక మీకు అభ్యంతరం ఉండదని అమ్మ చెప్పమన్నది.

ఇట్లు,
మీ వరుసలో మళ్లీ నిలబడబోయే
ఒక నిమ్మకాయల సంచీ మాజీ యజమాని