పిల్లల్ని చూసి తల్లికి గురి

స్పియర్ ఫిషింగ్, అంటే నీళ్లలో ఈటెతో చేపల్ని కొట్టే వేట, చేసేవాళ్లు ఎప్పుడూ ఒకటే మాట చెప్తారు, వలలాగా అడ్డమైనవన్నీ లాగెయ్యం, కావల్సిన చేపని చూసి మరీ కొడతాం అని. నిజమే, పడవ ఈడ్చుకుపోయే ట్రాల్ వలలో పడే పిల్ల చేపలు, తాబేళ్లు ఈటెకి పడవు. కాకపోతే చూసి కొట్టేవాడు పెద్దదాన్నే కొడతాడు, తంటా అంతా అక్కడే. సముద్రంలో గ్రూపర్లు అనే చేపలు చాలావరకు ఆడవిగా పుట్టి, ముదిరాక మగవి అవుతాయి, పెద్దవాటిని ఏరి ఏరి కొట్టేస్తే మగచేపలకే కరువొస్తది.

మన గోదావరి డెల్టాలో స్నార్కెల్, అదే ఊపిరి పీల్చే గొట్టం, పెట్టుకుని దిగే సీన్ లేదనుకోండి, వరద నీళ్లలో మోచెయ్యి ముంచితే వేళ్లు కనపడవు. అందుకే కుర్రాళ్లు క్యాటర్‌బెల్ట్‌కి దారం చుట్టే రీలు బిగించి, దారం కట్టిన బాణంతో గట్టు మీంచే కొడుతున్నారు.

మొన్న వానలకి అమలాపురం దగ్గర పంటకాలువ మీద చూశా. గుర్రపుడెక్క మధ్య కాస్త ఖాళీ నీళ్లు, అందులో గుప్పెడు కుంకుమ చల్లినట్టు ఎర్రగా ఏదో కదులుతోంది. కొర్రమీను పిల్లలు, వందల్లో. కుర్రాడు వాటి జోలికి పోలేదు, వాటి పక్కనే గురి పెట్టి కూర్చున్నాడు, ఎందుకంటే తల్లో తండ్రో ఆ కిందే కాపలా ఉంటది, గాలి పీల్చడానికి ఎప్పుడో ఒకప్పుడు పైకి రావాల్సిందే. వచ్చింది. కిలో పైనే ఉంటది. వీడియో తీసుకుని బండెక్కి వెళ్లిపోయారు. కాసేపటికి నీటికాకి ఒకటి వచ్చి ఆ ఎరుపు మీదే మునిగింది.

చచ్చింది ఒక్క చేపే అంటారు, లెక్కకి ఒక్కటే మరి.

ఊళ్లో పెద్దాళ్లు ఈటెతో కొట్టలేదా అంటే కొట్టారు, కూరకి. చెరువుల మురుగు, పురుగుమందులు, కాలవలో కరెంటు పెట్టడం, వీటి ముందు ఈ బాణం చాలా చిన్నది, అదీ ఒప్పుకుంటా, నిషేధించమని కూడా అనట్లేదు. కానీ గుడ్లు పెట్టే కాలమని సముద్రంలో మరపడవల్ని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఆపుతున్నాం కదా, కొర్రమీను పిల్లల్ని వేసుకు తిరిగే ఈ వానల్లో ఎర్ర గుంపు కనపడ్డప్పుడైనా బాణం దించొచ్చు.

సరదా తీరాలంటే జిలేబీలున్నాయి, ఎక్కడో ఆఫ్రికా నుంచి వచ్చి మన కాలవల్లో తిష్ట వేసిన తిలాపియా. అట్లాంటిక్‌లో మన వైపు సముద్రాల నుంచి వెళ్లి పడ్డ లయన్‌ఫిష్ అనే చేపని డైవర్లు పనిగట్టుకుని ఈటెలతోనే ఏరేస్తున్నారు. ఇక్కడా అట్లా చెయ్యొచ్చు, కాకపోతే అరచేతంత జిలేబీని కొడితే లైకులెవరు కొడతారు.