ఓడెక్కినవాళ్లు ఓడలేదు

గ్రేట్ బ్రిటన్ రగ్బీ లీగ్ జట్టు 2019లో న్యూజిలాండ్, పపువా న్యూగినీ పర్యటనకు వెళ్లి నాలుగు మ్యాచ్‌లు ఆడింది. హామిల్టన్‌లో టోంగా చేతిలో 14-6, ఆక్లాండ్‌లో న్యూజిలాండ్ చేతిలో 12-8, క్రైస్ట్‌చర్చ్‌లో మళ్లీ వాళ్ల చేతిలోనే 23-8, చివరగా పోర్ట్ మోర్స్బీలో పపువా న్యూగినీ చేతిలో 28-10. నాలుగూ పరాజయాలే. రాబట్టింది 32 పాయింట్లు, సమర్పించుకున్నది 77. మూడు దేశాల జట్లను ఏ తేడా లేకుండా సంతోషపెట్టి, ఎవరి మనసూ నొప్పించకుండా ఇంటికి తిరిగొచ్చిన పర్యటన ఇటీవలి చరిత్రలో ఇంకోటి దొరకదు.

జరిగినదానికి అందరూ కోచ్ వేన్ బెన్నెట్‌ను తిట్టారు. పెద్దమనిషి, ఓపిగ్గా పడ్డాడు. తప్పు ఆయనది కాదని, సెలెక్టర్లది కూడా కాదని, అసలు దోషి విమానమని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం. పనిలో పనిగా బ్రిటన్‌లో ఈ ఆటను నడిపే రగ్బీ ఫుట్‌బాల్ లీగ్ వారికి ఒక విన్నపం: ఇకమీదట లయన్స్‌ను, అంటే ఈ గ్రేట్ బ్రిటన్ జట్టును, విమానమెక్కించకండి, యుద్ధనౌక ఎక్కించండి.

నవ్వకండి, దీనికి దాఖలా ఉంది. 1946లో యుద్ధం అప్పుడే ముగిసింది. ప్రయాణికుల ఓడల్లో చోటు లేదు. ఆస్ట్రేలియా వెళ్లాల్సిన 26 మంది ఆటగాళ్లను ఏప్రిల్ మొదట్లో ఇండామిటబుల్ అనే విమానవాహక నౌకలో ఎక్కించి పంపేశారు. నెలాఖరుకు ఫ్రీమాంటిల్ చేరారు. అక్కణ్ణించి సిడ్నీకి ఖండం ఈ చివర నుంచి ఆ చివరి దాకా రైలు. ఆ రోజుల్లో ఆస్ట్రేలియాలో రాష్ట్రాల మధ్య గేజి, అంటే పట్టాల మధ్య వెడల్పు, కలిసేది కాదు. గేజి మారినచోటల్లా సామాను దించుకోవాలి, ఇంకో రైలెక్కాలి. నల్లర్‌బార్ మైదానంలో అయితే పట్టాలు 478 కిలోమీటర్లు ఒక్క వంపు లేకుండా పోతాయి. కిటికీలోంచి చూడ్డానికి చెట్టు కూడా ఉండదు. నేటి ఆటగాణ్ణి అలా తీసుకెళ్తే సంఘం ద్వారా లాయరు నోటీసు వస్తుంది.

ఇంత కష్టపడి వెళ్లినవాళ్లు ఏం చేశారు? సిడ్నీలో మొదటి టెస్టులో (దేశాల జట్ల మధ్య మ్యాచ్‌ను రగ్బీలోనూ టెస్టనే అంటారు) జాక్ కిచింగ్‌ను రిఫరీ బయటికి పంపేస్తే, మ్యాచ్‌లో చాలాసేపు 12 మందితోనే నెట్టుకొచ్చి 8-8తో డ్రా చేశారు. బ్రిస్బేన్‌లో 14-5, మళ్లీ సిడ్నీలో 20-7. క్రికెట్‌లోలాగే రగ్బీ లీగ్‌లోనూ ఆస్ట్రేలియాతో ఆడే సిరీస్‌ను యాషెస్ అంటారు; ఆస్ట్రేలియా గడ్డ మీద యాషెస్ టెస్టు ఒక్కటీ ఓడకుండా తిరిగొచ్చిన బ్రిటిష్ జట్టు అదొక్కటే. కెప్టెన్ గస్ రిస్మన్‌కు అప్పటికి 35 ఏళ్లు. మూడో టెస్టు జులై 20న అయింది. మర్నాడు, జులై 21న, బ్రిటన్‌లో రొట్టెకు రేషన్ పెట్టారు. యుద్ధం జరిగినన్నాళ్లూ లేని రేషన్ అది. మరి ఇంటి దగ్గర రొట్టె దొరకనప్పుడు మనిషి పరదేశంలో ఎంత కసిగా ఆడతాడో ఊహించుకోండి.

సత్యం దాచకూడదు కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. ఆ జట్టే తర్వాత న్యూజిలాండ్‌లో టెస్టు 13-8తో ఓడింది. కానీ అప్పటికి ఓడ దిగి మూడు నెలలు దాటింది. ప్రభావం తగ్గిపోయింది. ఇది నా సిద్ధాంతానికి బలమే తప్ప దెబ్బ కాదు.

ఇప్పుడు విమానం చేసే నష్టం లెక్కగా చూద్దాం. 2019లో ఆస్ట్రేలియాలో క్లబ్బుల లీగ్ ఎన్‌ఆర్‌ఎల్ ఫైనల్ అక్టోబరు 6న, ఇంగ్లండ్‌లో అలాంటిదే అయిన సూపర్ లీగ్ ఫైనల్ అక్టోబరు 12న జరిగాయి. టోంగాతో మొదటి మ్యాచ్ అక్టోబరు 26న. మధ్యలో ఉన్నది రెండు వారాలు. అందులో గెలిచిన క్లబ్బు సంబరాలు, ఓడిన క్లబ్బు సంతాపం, ఒక రోజుకు పైగా గాల్లో ప్రయాణం. పోయేది గడియారం పన్నెండు గంటలు ముందుండే దేశానికి. మనిషి శరీరం కొత్త టైముకు అలవాటు పడ్డానికి గంటకు రోజు చొప్పున పడుతుందని వైద్యుల ఉజ్జాయింపు లెక్క. పన్నెండు గంటలకు పన్నెండు రోజులు. అంటే జట్టు ఒళ్లు న్యూజిలాండ్‌లో, నిద్ర మాంచెస్టర్‌లో పెట్టుకుని ఎదురుగా టోంగా ఫార్వర్డ్ జేసన్ టామలోలో పరిగెత్తుకుంటూ వస్తుంటే నిలబడింది. టోంగా మీద ఓడడం పెద్ద అవమానమేమీ కాదు లెండి, వారం తిరక్కుండా వాళ్లు ఆస్ట్రేలియానే 16-12తో కొట్టారు. అసలు చిక్కు ఏమిటంటే, లయన్స్‌కు సన్నాహక మ్యాచ్ అనేదే లేదు. మొదటి మ్యాచే టెస్టు. ఆటను నడిపించాల్సిన, కొత్తగా కలిసిన హాఫ్‌బ్యాక్‌లు ఒకరి పాస్ ఒకరికి ఎంత ముందు పడాలో టెస్టు మ్యాచ్‌లోనే నేర్చుకున్నారు. నేర్చుకునేలోపు పర్యటన అయిపోయింది.

ఓడలో ఈ బాధ లేదు. గడియారం రెండు మూడు రోజులకోసారి గంట జరుగుతుంది, కడుపుకీ కంటికీ తెలియదు. సూయజ్, ఎర్ర సముద్రం, హిందూ మహాసముద్రం మీదుగా పోతే వేడికి అలవాటు పడ్డం కూడా ఉచితం. ఉక్కపోతకు శరీరం సర్దుకోవడానికి పది నుంచి పద్నాలుగు రోజులు కావాలని క్రీడావైద్యం చెబుతుంది. హీటర్లు పెట్టిన గదుల్లో సైకిళ్లు తొక్కించి అదే ఫలితం కోసం జట్లు డబ్బు తగలేస్తున్నాయి. నవంబరులో పోర్ట్ మోర్స్బీ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లెవరూ నన్ను కాదనరు. రగ్బీ లీగ్ జాతీయ క్రీడ అయిన దేశం ప్రపంచంలో పపువా న్యూగినీ ఒక్కటే. అక్కడ స్టేడియంలో సీటు దొరకనివాళ్లు చెట్లెక్కి చూస్తారు. 1990లోనే గొరోకాలో వాళ్లు బ్రిటన్‌ను 20-18తో ఓడించారు. అయినా 2019లో ఆ మ్యాచ్‌ను కార్యక్రమం చివర్లో, పూర్తిగా అలిసిపోయాక పెట్టుకున్నారు. అతిథులంటే అలా ఉండాలి.

ఇక వింగర్ల సంగతి. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ పర్యటన మహత్తంతా ఇక్కడే ఉంది. రగ్బీ లీగ్‌లో పదమూడు మంది ఆడతారు. 2, 5 నంబర్ల జెర్సీలవాళ్లు మైదానం అంచుల్లో ఆడే వింగర్లు, 6 నంబరు మధ్యలో ఆట నడిపే స్టాండ్-ఆఫ్. ఆ పర్యటనలో బ్లేక్ ఆస్టిన్ అనే చక్కటి స్టాండ్-ఆఫ్‌ను తీసుకెళ్లి వింగ్‌లో నిలబెట్టారు. విమర్శకులు గగ్గోలు పెట్టారు కానీ, అంకెల్లో చూస్తే 6 పక్కనే 5 ఉంది కదా, ఇందులో తప్పేముంది? అప్పట్లో సెయింట్ హెలెన్స్ క్లబ్బులో రేగన్ గ్రేస్ అని మెరుపులా పరిగెత్తే వెల్ష్ వింగర్ ఉండేవాడు. పుట్టు వింగర్ కాబట్టి అతన్ని వింగ్‌లో ఆడించడంలో కోచ్ ప్రతిభ ఏమీ కనిపించదు. అందుకే ఇంటి దగ్గరే ఉంచారు. పేరు గ్రేట్ బ్రిటన్ అన్నాక వేల్స్‌వాళ్లు కూడా ఉంటారని ఆశించడం అత్యాశ. ఆస్ట్రేలియాలో పుట్టినవాళ్లు మాత్రం ముగ్గురు ఉన్నారు: ఆస్టిన్, లాక్‌లన్ కూట్, జాక్సన్ హేస్టింగ్స్. తాతమ్మల ఊళ్లు వెతికి పట్టుకునే ఓపిక ఉంటే వింగర్లను వెతకడం ఎంతసేపు!

వింగర్ చేసే పని బయటివాళ్లకు తేలిగ్గా కనిపిస్తుంది: అంచున నిలబడి బంతి వస్తే పట్టుకుని మూలన పడడం. అది పాత కాలం. ఇప్పుడు ప్రతి జట్టుకూ వరసగా ఆరు టాకిళ్లు, అంటే బంతి ఉన్నవాణ్ణి అవతలివాళ్లు ఆరుసార్లు పట్టి పడేసేదాకా బంతి వాళ్లదే. ఐదో టాకిల్ అయ్యాక బంతి ప్రత్యర్థి వింగర్ నెత్తి మీదికి తాడిచెట్టంత ఎత్తు తంతారు. అతను వెనక్కి నడుస్తూ, పైకి చూస్తూ, గాల్లోకి లేచి, మీదికొచ్చే ఇద్దరి మధ్య బంతి పట్టాలి. పట్టాక పని అయిపోదు, అప్పుడే మొదలవుతుంది. సొంత గోల్‌లైన్ దగ్గర నుంచి మొదటి రెండు టాకిళ్లు వింగర్లూ సెంటర్లూ మొయ్యాలి, అప్పుడుగానీ వెనక్కి పరిగెత్తొచ్చిన ఫార్వర్డ్‌లకు (మధ్యలో గుద్దుకునే బరువైనవాళ్లకు) ఊపిరి అందదు. పది మీటర్ల దూరం నుంచి నూట పది కిలోల మనుషులు వరస కట్టి వచ్చి గుద్దుతుంటే పన్నెండు మీటర్లు ముందుకు తీసుకుపోవాలి, పడగానే గబుక్కున లేచి బంతిని మడమతో వెనక్కి తొయ్యాలి.

స్టాండ్-ఆఫ్ వృత్తి వేరు. అతను ఖాళీ వెతుకుతాడు, పాస్ ఇస్తాడు, తంతాడు. అతన్ని వింగ్‌లో పెడితే పన్నెండు మీటర్లు ఆరవుతాయి. లేవడం ఆలస్యమవుతుంది, ఈలోపు డిఫెన్సు సర్దుకుంటుంది. రెండో టాకిల్‌కు ఫార్వర్డ్‌లే రావాల్సొస్తుంది, వాళ్లు ఇరవయ్యో నిమిషానికే నోరు తెరుస్తారు. ఆటగాళ్ల మార్పులు మ్యాచ్ మొత్తానికి ఎనిమిదే కాబట్టి బెంచి తొందరగా ఖర్చవుతుంది. ఐదో టాకిల్‌కు మధ్యగీత దగ్గర ఉండాల్సిన జట్టు సొంత ముప్పై మీటర్ల దగ్గరే ఉండిపోయి అక్కణ్ణుంచి తంతుంది. అవతలివాళ్లు బంతిని మైదానం మధ్యలో హాయిగా అందుకుంటారు. నాలుగు మ్యాచ్‌ల్లో ఒక్కదానిలోనూ పది పాయింట్లు దాటకపోవడానికి ఇంతకంటే గూఢమైన కారణాలు వెతకనక్కర్లేదు. 1946లో బ్రిస్బేన్ టెస్టులో ఆర్థర్ బాసెట్ మూడు ట్రైలు చేశాడు, అంటే మూడుసార్లు బంతిని ప్రత్యర్థి గోల్‌లైన్ అవతల నేలకు ఆనించాడు. అతనో వింగర్. వింగ్‌లో ఆడాడు. ఆ రోజుల్లో ఆలోచన అంతకుమించి ఎదగలేదు.

విమానవాహక నౌకలో వెళ్తే ఈ వింగర్ల సమస్య కూడా తీరుతుంది. బ్రిటిష్ నౌకాదళం దగ్గర ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అనే నౌక ఉంది. డెక్ పొడవు 280 మీటర్లు, వెడల్పు 70. రగ్బీ లీగ్ మైదానం గోల్‌లైన్ నుంచి గోల్‌లైన్‌కు 100 మీటర్లు, వెనక ఇన్-గోల్ చెరో 11 వేసుకున్నా 122. వెడల్పు 68. చక్కగా పడుతుంది, టచ్‌లైన్ అనే పక్క గీత అవతల ఇటొక మీటరు అటొక మీటరు మిగులుతుంది. ఆ గీత తొక్కిన వింగర్ నేరుగా సముద్రంలోనే. ఆరు వారాలు ఇలా సాధన చేసినవాణ్ణి సిడ్నీలో టచ్‌లోకి నెట్టమనండి చూద్దాం. డెక్‌కు కుడివైపు రెండు బురుజులున్నాయి, ఆ పక్క ఇరుగ్గా ఉంటుంది. నిజానికి అది సౌకర్యమే, లయన్స్ దగ్గర అసలైన వింగర్ ఒక్కడికి మించి ఉండడం అరుదు కాబట్టి. ముందు కొసన విమానాలు లేవడానికి ఏటవాలు కట్టారు, కొండెక్కే పరుగులకు అది సరిపోతుంది. బంతులు మాత్రం కాస్త ఎక్కువ పట్టుకెళ్లాలి.

అభ్యంతరాలు ఉన్నాయి, ఒక్కొక్కటే చూద్దాం. 1970లో విమానంలో వెళ్లినవాళ్లే యాషెస్ 2-1తో గెలిచారు కదా అంటారు. గెలిచారు, బ్రిటన్ యాషెస్ గెలవడం అదే ఆఖరు. కానీ ఆ పర్యటనలో వాళ్లు ఆడినవి 24 మ్యాచ్‌లు, ఓడింది మొదటి టెస్టు ఒక్కటే. టెస్టుల మధ్య పల్లెటూరి జట్లతో ఆడుతూ తిరిగారు, ఎవరెవరికి జత కుదురుతుందో తెలుసుకున్నారు. నాలుగు మ్యాచ్‌ల ప్రయాణాన్ని, దాన్ని ఒకే మాటతో పిలవడం అన్యాయం. మరి 2025లో? అప్పుడు ఇంగ్లండ్ ఏ విమానమూ ఎక్కలేదు, ఆస్ట్రేలియావాళ్లే వచ్చారు. వెంబ్లీలో 26-6, లివర్‌పూల్‌లో 14-4, లీడ్స్‌లో 30-8తో మూడూ పట్టుకుపోయారు. దీన్నిబట్టి తేలేదేమిటంటే విమానం ఎవరెక్కినా నష్టం ఇంగ్లండ్‌కే. నా వాదన ఇంకా గట్టిపడింది.

నౌక మీద నమ్మకమేమిటని కూడా అడగొచ్చు. 2022 ఆగస్టులో ఈ ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అట్టహాసంగా పోర్ట్స్‌మౌత్‌లో బయలుదేరి, ఐల్ ఆఫ్ వైట్ దాటకముందే ప్రొపెల్లర్ షాఫ్ట్ కప్లింగ్ విరిగి ఆగిపోయింది. దాని అక్క క్వీన్ ఎలిజబెత్‌కు కూడా 2024లో షాఫ్ట్ కప్లింగ్ దగ్గరే చిక్కొచ్చింది. అయితే బాగుచేశాక 2025లో అదే ప్రిన్స్ ఆఫ్ వేల్స్ డార్విన్ దాకా వెళ్లింది. మొదటి అడుగులోనే విరిగి, మూడేళ్లకు ఆస్ట్రేలియా చేరే గుణం లయన్స్‌కు కొత్త కాదు, జట్టుకూ నౌకకూ బాగా పొత్తు కుదురుతుంది.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి క్లబ్బులు. ఓడ ప్రయాణమంటే ఆటగాళ్లను సీజను మధ్యలో వదలాలి, నెలల తరబడి. జీతాలిచ్చే యజమాని ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడానికి ఒక క్లబ్బుకు సొంత అనుభవం కూడా ఉంది. 1946లో ఇండామిటబుల్ బయలుదేరినప్పుడు విగన్ క్లబ్బువాళ్లు నలుగురు అందులో ఉన్నారు. జో ఈగన్, కెన్ గీ, మార్టిన్ రయన్, వాళ్లతోపాటు బంతిని గోల్‌పోస్టుల మధ్యకు కొట్టే టెడ్ వార్డ్. మే 4న వెంబ్లీలో క్లబ్బుల నాకౌట్ పోటీ ఛాలెంజ్ కప్ ఫైనల్. వార్డ్ భూగోళానికి అవతలి పక్క ఉన్నాడు. విగన్ నాలుగు ట్రైలు చేసింది, అప్పట్లో ట్రైకి మూడు పాయింట్లు, మొత్తం పన్నెండు. గోల్ ఒక్కటీ పడలేదు. వేక్‌ఫీల్డ్ ట్రినిటీ 13-12తో కప్పు ఎత్తుకుపోయింది.