లేజర్ చేయించుకుంటే ఇక ఏ ఇబ్బందీ ఉండదనే ప్రచారానికి ఖండన

మూత్రాశయం కింద మూత్రనాళాన్ని చుట్టి ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగినవారికి చేసే లేజర్ శస్త్రచికిత్స గురించి ఒక సందేశం ఫోన్లలో విస్తృతంగా తిరుగుతోంది. అందులోని మాటలు క్లుప్తంగా ఇవి: లేజర్‌లో కోత ఉండదు, రక్తం పోదు, పాత ఆపరేషన్ కంటే అది అన్ని విధాలా మేలు, ఉదయం చేయించుకుంటే సాయంత్రానికల్లా మామూలు మనిషి కావచ్చు, దాంపత్య జీవితంలో ఏ మార్పూ రాదు, గ్రంథి మళ్లీ పెరగదు, క్యాన్సర్ భయమూ తీరిపోతుంది, కాబట్టి మందులు మింగుతూ కూర్చోవడం దండగ. లేజర్ మంచి సాధనం, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఈ మాటలు నమ్మి ఆపరేషన్‌కు సిద్ధపడే మనిషికి తప్పనిసరిగా తెలియవలసిన సంగతులు ఇందులో లేవు. ఉన్నవాటిలో కొన్ని అరకొర నిజాలు, కొన్ని పూర్తిగా తప్పులు.

మొదటిది కోత సంగతి. పొట్ట మీద గాటు పడదన్న అర్థంలో అది నిజమే. అయితే 1930ల నుంచి చేస్తూ వస్తున్న ఆ పాత ఆపరేషన్, టీయూఆర్‌పీలోనూ గాటు పడదు. మూత్రమార్గం గుండా పరికరాన్ని పంపి, మూత్రానికి అడ్డుపడుతున్న కణజాలాన్ని విద్యుత్ తీగతో చెక్కి తీస్తారు. లేజర్‌కూ దారి అదే, చెక్కే సాధనం మాత్రమే వేరు. వెన్నుకు గానీ ఒంటికంతటికీ గానీ మత్తు ఇవ్వడం, ఆపరేషన్ తర్వాత మూత్రానికి గొట్టం వేయడం, లోపలి గాయం మానడానికి కొన్ని వారాలు పట్టడం రెండింటిలోనూ మామూలే. ఆ వారాల్లో మంట, ఆపుకోలేనంత తొందర, అప్పుడప్పుడు మూత్రంలో రక్తపు జీర కనిపించవచ్చు. సాయంత్రానికి ఇంటికి పంపడం కొందరి విషయంలో సాధ్యమే గాని, ఇల్లు చేరడం వేరు, కోలుకోవడం వేరు.

పాత ఆపరేషన్ కంటే అన్ని విధాలా మేలన్న మాటను కొంచెం నిదానంగా పరిశీలించాలి, ఎందుకంటే లేజర్ అన్నది ఒకే చికిత్స పేరు కాదు. 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్ పీల్చుకుంటుంది, ఆ వేడికి కణజాలం ఆవిరైపోతుంది. సుమారు 2,100 నానోమీటర్ల హోల్మియం కాంతిని నీరు పీల్చుకుంటుంది. దానితో పెరిగిన భాగాన్ని నారింజ తొక్క నుంచి తొనలు విడదీసినట్టు మొత్తంగా వేరుచేసి, మూత్రాశయంలోకి నెట్టి, అక్కడ తురిమి బయటికి తీస్తారు. హోలెప్ అనే ఈ పద్ధతిని 1990లలో న్యూజిలాండ్‌లో పీటర్ గిల్లింగ్ బృందం రూపొందించింది. థూలియం లేజర్ మరో రకం. బ్రిటన్‌లోని 7 ఆసుపత్రుల్లో 410 మంది పురుషులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి థూలియంతో, మరో వర్గానికి టీయూఆర్‌పీ చేసి ఏడాది తర్వాత పోల్చారు. అన్‌బ్లాక్స్ అనే ఆ పరీక్ష ఫలితాలు 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. బాధల తీవ్రత తగ్గడంలో రెండూ సమానంగా నిలిచాయి. మూత్రధార వేగం మాత్రం పాత పద్ధతిలోనే ఎక్కువ: సెకనుకు 23.2 మిల్లీలీటర్లు, లేజర్‌లో 20.2. ఆసుపత్రిలో గడిపిన సమయం రెండింటిలోనూ సగటున 48 గంటలే. పాతదల్లా నాసిరకమన్న వాదనకు ఇంతకంటే సూటి జవాబు అక్కరలేదు.

మరి లేజర్ నిజంగా మెరుగైనది ఎక్కడ? రక్తం పలుచబరిచే మందులు మానలేని గుండె రోగుల్లోనూ, గ్రంథి 80, 100 గ్రాములు దాటి పెరిగినవారిలోనూ. అంత పెద్ద గ్రంథికి ఒకప్పుడు పొట్ట కోసి చేసే ఆపరేషనే గతి. హోలెప్ దాదాపు అదే ఫలితాన్ని చాలా తక్కువ రక్తస్రావంతో ఇస్తుంది. అయితే అది నేర్చుకోవడం కష్టమైన పద్ధతి. పదుల సంఖ్యలో కేసులు చేస్తే గాని చేయి కుదరదు కనుక, యంత్రం పేరు కంటే దాన్ని పట్టిన చేతి అనుభవం గురించి అడగడం ముఖ్యం.

దాంపత్య జీవితంలో మార్పు రాదన్న హామీయే వీటన్నిటిలో నన్ను ఎక్కువగా బాధించింది. అంగస్తంభన సాధారణంగా దెబ్బతినదన్నది సరే. కానీ హోలెప్, టీయూఆర్‌పీ చేయించుకున్నవారిలో అత్యధికులకు వీర్యం బయటికి రావడం తగ్గుతుంది లేదా ఆగిపోతుంది. మూత్రాశయపు మెడ దగ్గరి కణజాలం పోవడంతో స్ఖలన సమయంలో ఆ దారి మూసుకోదు. వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి వెళ్లి, తర్వాత మూత్రంతో కలిసి పోతుంది. దీనివల్ల ఒంటికి హాని లేదు, సుఖానుభూతి చాలామందిలో నిలుస్తుంది. అయినా ఇంకా పిల్లలు కావాలనుకునే మనిషికి ఇది చిన్న విషయం కాదు. అలాంటి కోరిక లేనివారు కూడా ముందుగా తెలియకపోతే తమకేదో అయిపోయిందని లోలోపల కుమిలిపోతారు. ఈ మాట సంతకం పెట్టించుకునే ముందే, వీలైతే భార్య సమక్షంలో చెప్పవలసినది. హోలెప్ తర్వాత కొందరికి దగ్గినప్పుడు, లేచినప్పుడు మూత్రం చుక్కలుగా పడటం కూడా ఉంటుంది. చాలావరకు అది కొన్ని వారాల్లో, నెలల్లో సర్దుకుంటుంది.

గ్రంథి మళ్లీ పెరగదన్నది హోలెప్‌కు చాలావరకు వర్తిస్తుంది, ఆవిరి చేసే పద్ధతికి అంతగా వర్తించదు. క్యాన్సర్ భయం తీరుతుందన్నది మాత్రం ప్రమాదకరమైన అబద్ధం. ఈ ఆపరేషన్లలో తీసేది గ్రంథి మధ్యలో, మూత్రనాళం చుట్టూ పెరిగిన భాగాన్ని. ప్రోస్టేట్ క్యాన్సర్లలో సుమారు 70 శాతం పుట్టేది వెలుపలి భాగంలో, అది అక్కడే మిగిలి ఉంటుంది. పైగా ఆవిరి చేసినప్పుడు పరీక్షకు పంపడానికి ముక్క కూడా దక్కదు. అందుచేత ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రొటీన్ రక్తంలో ఎంత ఉందో చూసే పీఎస్‌ఏ పరీక్షను ఆపరేషన్‌కు ముందూ పట్టించుకోవాలి, తర్వాతా డాక్టరు సలహా మేరకు కొనసాగించాలి. హోలెప్ తర్వాత పీఎస్‌ఏ బాగా పడిపోతుంది కనుక ఆ కొత్త అంకెతోనే తర్వాతి వాటిని పోల్చాలి.

ఇక మందులు. 2003లో వెలువడిన ఎంటాప్స్ అధ్యయనంలో 3,047 మందిని సగటున నాలుగున్నరేళ్లు గమనించారు. డాక్సజోసిన్, ఫినాస్టెరైడ్ అనే రెండు మందులు కలిపి వాడినవారిలో వ్యాధి ముదిరే ముప్పు, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారితో పోలిస్తే 66 శాతం తగ్గింది. దీన్ని దండగ అనడం తగదు. బాధలు స్వల్పంగా ఉన్నవారికైతే మందులు కూడా లేకుండా గమనిస్తూ ఉండటమే చాలు. అయితే మూత్రం పూర్తిగా ఆగిపోయి గొట్టం తీస్తే రానివారు, మూత్రాశయంలో రాళ్లు కట్టినవారు, మాటిమాటికీ ఇన్ఫెక్షన్‌గానీ రక్తంగానీ వచ్చేవారు, మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు దెబ్బతింటున్నవారు ఆపరేషన్‌ను వాయిదా వేయకూడదు. ఏళ్ల తరబడి అడ్డును తోసి తోసి మూత్రాశయపు కండరం సత్తువ కోల్పోయాక, ఏ లేజర్‌తో అడ్డు తీసినా ధార పూర్వంలా రాకపోవచ్చు.