ఆరో ఏట చెప్పకుండా వచ్చిన దవడ పన్ను గారికి

మహారాజశ్రీ కింది దవడ కుడివైపు పన్ను గారి సముఖానికి, తమరు కాపురముంటున్న నోటి తాలూకు తండ్రి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేము క్షేమం, అక్కడ తమరు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మర్యాద. కానీ తమరు క్షేమంగా లేరని నిన్న ఎక్స్‌రేలో కళ్లారా చూశాను. తమరి పుణ్యమా అని మేమూ లేము. మొన్న రాత్రి రెండు గంటల నుంచి మా ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. కాబట్టి ఆ వాక్యం వదిలేసి నేరుగా అడుగుతున్నాను.

అసలు మీరు ఎప్పుడు వచ్చారు?

నిజానికి ఇది డాక్టరమ్మ నన్ను అడిగిన ప్రశ్న. చిన్న అద్దాన్ని మా అమ్మాయి నోట్లో పెట్టి, "ఈ పన్ను ఎప్పుడు వచ్చిందో గుర్తుందా?" అన్నారు. "పాలపన్నే కదండీ, చిన్నప్పుడే వచ్చి ఉంటుంది. ఎలాగూ ఊడిపోయేదేగా, తీసేయండి" అన్నాను, ఎంతో ఉదారంగా. ఆవిడ అద్దం బయటికి తీశారు. మాస్కు గడ్డం కిందికి లాక్కున్నారు. డాక్టర్లు మాస్కు తీసి మరీ చెప్పే మాట మంచి మాట అయి ఉండదని నాకు ఆ క్షణంలో అర్థమైంది.

"ఇది పాలపన్ను కాదండీ. ఆరో ఏట వచ్చే శాశ్వత దంతం. పోతే దీని చోట ఇంకొకటి రాదు."

పక్కనున్న నర్సు తల దించుకుని పనిముట్లు సర్దడం మొదలుపెట్టింది. సర్దడానికి అక్కడ రెండే పనిముట్లు ఉన్నాయి. నన్ను చూడకుండా ఉండటానికి వాటినే అటూ ఇటూ మారుస్తోంది.

పన్ను అనే మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి, రెండూ నొప్పి పెట్టేవే. అయితే కట్టే పన్నుకు ఒక పద్ధతి ఉంది. ముందు నోటీసు వస్తుంది. గడువు తేదీ ఇస్తారు. కట్టకపోతే హెచ్చరిస్తారు. ఆ తర్వాతే జప్తు. మీరు మాత్రం జప్తుతోనే మొదలుపెట్టారు.

ముందు పళ్లను చూసి నేర్చుకోవలసింది. మా అమ్మాయికి మొదటి పన్ను ఆరో నెలలో మొలిచింది. చెంచా తగిలి టిక్కుమన్నదని మా ఆవిడ నేను పనిలో ఉండగా ఫోను చేసి చెప్పింది. ఆ టిక్కును రికార్డు చేసి బంధువులందరికీ పంపాం. అదే పన్ను ఆరేళ్లకు కదలడం మొదలైతే, మా అమ్మాయి రోజుకు నాలుగుసార్లు వేలితో కదిపి ఇంటిల్లిపాదికీ నివేదిక ఇచ్చేది. ఊడిన రోజున ఫొటో తీశాం. కళ్లు మూసుకుపోయేంత నవ్వు, ముందు బోసి సందు. ఫ్రిజ్ తలుపు మీద ఇప్పటికీ అదే ఫొటో ఉంది. నిన్న రాత్రి దాన్ని ఫోనులో తీసి, వేళ్లతో సాగదీసి పెద్దది చేసి చూశాను. బోసి సందుకు వెనక, నోటి చీకట్లో, పళ్ల వరసకు చిట్టచివర మీరున్నారు. సగం ఒంటికి చిగురు దుప్పటిలా కప్పుకుని, తెల్లగా ఒక మూల మాత్రం బయటపెట్టి. అప్పటికే వచ్చేశారు! మేమందరం మీ ముఖంలోకే చూస్తూ ఊడిన పన్నుకు చప్పట్లు కొడుతున్నాం.

పాలపన్ను ఊడుతుంది, దాని చోట గట్టి పన్ను వస్తుంది. పళ్ల గురించి ప్రతి ఇంట్లోనూ తెలిసిన లెక్క ఇదొక్కటే. పాలపళ్లు 20, అవన్నీ రాలితే వాటి స్థానాల్లో మరో 20. ఈ లెక్కలో మీరు లేరు. ఏ పన్నూ ఊడనక్కర లేకుండా, ఆఖరి పాలపన్నుకు వెనక ఖాళీ చూసుకుని నలుగురు దిగుతారట, పైన ఇద్దరు, కింద ఇద్దరు. ఏదీ ఊడలేదు కనుక ఏదీ రాలేదనుకున్న అమాయకులు ఈ భూమ్మీద నేనొక్కడినేనా? డాక్టరమ్మ ముఖం చూస్తే, ఆ కుర్చీ పక్కన నిలబడి నా డైలాగు చెప్పిన తల్లిదండ్రుల జాబితా చాలా పొడవున్నట్టే అనిపించింది.

ఇంకో సంగతి కూడా నిన్ననే తెలిసింది. మా అమ్మాయి పుట్టే నాటికే మీరు దవడ ఎముకలో గట్టిపడటం మొదలుపెట్టారట. అంటే ఆరేళ్ల పాటు మా కూతురి లోపలే ఉండి, చాప కింద నీరులా పని కానిచ్చుకున్నారు. బయటికి వచ్చాక కూడా ఒక్కసారిగా రారు. నెలల తరబడి నింపాదిగా లేస్తారు. ఆ నెలలన్నీ పక్క పన్నుకన్నా మీ ఎత్తు తక్కువ. బ్రష్షు కుచ్చు పక్క పన్ను మీదుగా జారిపోతుంది, మీ నెత్తిన పడదు. బ్రష్షును చెంప వైపు నుంచి అడ్డంగా పెట్టి మిమ్మల్ని విడిగా తోమాలట! రాజులకు వింజామర పట్టినట్టు ప్రత్యేక సేవన్నమాట. పైగా నెత్తి మీద గాడులు. కొన్ని గాడుల్లో బ్రష్షు వెంట్రుక కూడా దూరదు, క్రిములు మాత్రం సకుటుంబంగా దూరతాయి. మనం తిన్న తీపిని అవి తిని ఆమ్లం తయారుచేస్తే, ఆ ఆమ్లం మీ పింగాణీని కరిగిస్తుంది. శరీరం మొత్తంలో అన్నిటికన్నా గట్టి పదార్థం మీ ఒంటి మీది ఈ పింగాణీ, అంటే ఎనామిలేనట. ఇంత గట్టివారు ఒక చాక్లెట్టు ముక్కకు లొంగిపోయారా?

ఇక 'మీరు' అనడం నా వల్ల కాదు. క్షమించాలి. కాదు, క్షమించక్కర లేదు.

ఒరే పన్నూ, వచ్చినవాడివి వచ్చావు, నొప్పి పుట్టిన రోజైనా పగటిపూట పుట్టించకూడదా? పడుకోగానే తలకు రక్తం ఎక్కువగా వస్తుంది, నీ లోపలి గుజ్జు వాస్తుంది, చుట్టూ రాతిగోడలు ఉండటంతో అది సాగలేదు, నరం మీద పడుతుంది. ఈ శాస్త్రమంతా తర్వాత చెప్పారు. ఆ రాత్రి మాకు తెలిసిందల్లా, పిల్ల పడుకుంటే ఏడుస్తోంది, భుజాన వేసుకుంటే ఊరుకుంటోంది. ఎనిమిదేళ్ల పిల్లను భుజాన వేసుకుని తెల్లవారే దాకా గదిలో తిరిగాను. కాళ్లు నా మోకాళ్లకు తగులుతున్నాయి. నాలుగు గంటలప్పుడు "నాన్నా, నా పన్నుకు కూడా నిద్ర రావట్లేదా?" అని అడిగింది.

'రాత్రింబవళ్లు అత్యవసర సేవ' అని కార్డు మీద అచ్చు వేసుకున్న ఆసుపత్రికి ఫోను చేస్తే, మా పని వేళలు ఉదయం పది నుంచి అని ఒక తీయని గొంతు చెప్పింది. అత్యవసరాలు కూడా పది తర్వాతే రావాలి కాబోలు. తెల్లవారుజామున ఒక పెద్దాయన ఫోనులోనే వైద్యం చెప్పాడు, ఆస్పిరిన్ మాత్ర పంటి పక్కన పెట్టమని. పెట్టలేదు, బతికిపోయాం. అలా పెడితే చిగురు కాలుతుందట, అసలు పిల్లలకు ఆస్పిరినే ఇవ్వకూడదట.

మధ్యాహ్నం రెండున్నరకు రమ్మన్నారు. ఐదుంబావుకు పిలిచారు. అంతసేపూ గోడ మీద ఒక నవ్వుల కుటుంబం, తాత నుంచి మనవడి దాకా ఒక్కటంటే ఒక్క పిప్పి పన్ను లేకుండా, మమ్మల్నే చూస్తూ కూర్చుంది. టీవీలో టూత్‌పేస్టు ప్రకటన వచ్చింది. పిల్లవాడి బ్రష్షు మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అలలు అలలుగా పేస్టు. మూడేళ్లు దాటిన పిల్లలకు బఠాణీ గింజంత చాలు, అంతకన్నా చిన్నవాళ్లకు బియ్యపు గింజంత. అలల వెనక ఎవరి లాభం ఉందో నేను చెప్పక్కర లేదు.

నిన్ను తిడుతుంటే గుర్తొచ్చింది. కిందటేడు మా అక్క కొడుకు ఆటలో పడి ముందు పన్ను ఊడగొట్టుకున్నాడు, కొత్తగా వచ్చిన శాశ్వత దంతం. అప్పుడు ఇంట్లో ఎంత తెలివి! వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకున్నాం, రుద్ది కడగలేదు, పాల గ్లాసులో వేసుకుని గంట లోపలే డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. ఆయన దాన్ని తిరిగి దాని గుంటలోనే కూర్చోబెట్టాడు, అది నిలిచింది. ముందు పన్నుకు పాల గ్లాసులో పల్లకీ సేవ. మా అమ్మాయి నోట్లో వెనక మూలన ఉన్న నీకు రెండేళ్లుగా ఒక్క పలకరింపు లేదు. కనిపించే పన్నుకే మర్యాద.

కాబట్టి తప్పంతా నాదేనంటావు. ఆగు. పాలపళ్లను నిర్లక్ష్యం చేసి తొందరగా పీకించేస్తే ఖాళీ అయిన చోటులోకి ముందుకు జరిగి ఆక్రమించుకునేది ఎవరు? నువ్వే! డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చూపించారు. వెనక పాలపళ్లు పదేళ్లు, పన్నెండేళ్ల దాకా ఆ చోటు కాపలా కాయాలి. కాపలావాడు పోయిన మరుక్షణం నువ్వు కంచె జరుపుతావు. ఆ తర్వాత రావలసిన పన్ను దారిలేక వంకరగా, ఎక్కడో గోడెక్కి వస్తుంది. దీన్ని ఏమంటారో రిజిస్ట్రేషన్ కార్యాలయంలో అడుగు.

పిల్లను చూపించడానికి వెళ్తే, పనిలో పనిగా నా నోరు కూడా తెరిపించారు. గార పట్టిందన్నారు. క్లీనింగు చేయిస్తే పళ్లు వదులవుతాయని నేను పదేళ్లుగా చెబుతున్న సిద్ధాంతం ఆవిడకూ చెప్పాను. గార చిగుళ్లను, ఎముకను తినేస్తుందనీ, వదులైన పంటిని ఆ గారే సిమెంటులా పట్టి ఉంచుతుందనీ, తీశాక బయటపడేది పాత నష్టమేననీ అన్నారు. దాని గురించి వేరే ఉత్తరం రాస్తాను. ఇవాళ నీ వంతు.

"పళ్లు ఎవరు తోముతారు?" అని కూడా అడిగారు. "ఐదో ఏటి నుంచే తనే తోముకుంటుందండీ, ఎవరూ చెప్పక్కర లేదు" అన్నాను. పిల్ల స్వతంత్రంగా పెరుగుతోందన్న గర్వం నాది. ఏడెనిమిదేళ్ల దాకా పిల్లల చేతికి ఆ ఒడుపు రాదనీ, పెద్దవాళ్లే తోమాలనీ చెప్పారు. లెక్క వేసుకున్నాను. ఐదో ఏట బ్రష్షు అప్పజెప్పి నేను విరమించుకున్నాను. ఆరో ఏట నువ్వు వచ్చావు. కాపలా ఎత్తేశాక గుమ్మంలో అడుగుపెట్టావు.

ఆ మాటకొస్తే నువ్వు నోటీసు ఇవ్వలేదని కూడా అనలేను. మొదట నల్లచుక్క కనిపించింది, "పాలపన్నే కదా" అన్నాను. తిన్నది ఇరుక్కుంటోందంది, "పాలపన్నే కదా, పుల్ల పెట్టుకోకు" అన్నాను. చల్లటి నీళ్లు జివ్వుమంటున్నాయంది, "పాలపన్నే కదా, రెండో వైపు తాగు" అన్నాను. మూడు నోటీసులు. మూడింటికీ ఒకే జవాబు. దానికి ముద్ర కూడా నేనే వేశాను.

నిన్ను పీకలేదు. పిప్పి అంతా తొలిచి, లోపల చెడిన గుజ్జు పైభాగం వరకు తీసి, మిగిలినది బతకడానికి మందు పెట్టి మూశారు. ఎనిమిదేళ్లకు నీ వేర్ల కొసలు ఇంకా మూసుకోలేదట, మరో ఏడాదో రెండేళ్లో పడుతుందట. లోపల ప్రాణం ఉంటేనే వేర్లు పూర్తిగా పెరుగుతాయని ఆ ప్రయత్నం. తర్వాత తొడుగు వేస్తారు. సుత్తి దెబ్బలాంటి నొప్పి పెట్టినవాడివి, నువ్వు ఇంకా పెరుగుతున్న పిల్లవాడివేనని విన్నాక తిట్టు గొంతులోనే ఆగిపోయింది.

తిరిగి వస్తుంటే మత్తు ఇంకా దిగలేదు. తెలియక పిల్ల పెదవి నమిలేసుకుంటుందేమోనని మా ఆవిడ దారంతా దాని నోటి మీదే చూపు పెట్టింది. అద్దంలో ఒకవైపే నవ్వు చూసుకుని, "నాన్నా, నా పెదవి ఇక్కడే ఉందా?" అంటుంది. ఉందమ్మా.

నీ తోబుట్టువులు ముగ్గురి గాడుల్లోకీ క్రిములు దూరకుండా పూత వేయించడానికి వచ్చే వారం మళ్లీ వెళ్తున్నాం. పన్నెండో ఏట మీ వెనక ఇంకో నలుగురు, అదే పద్ధతిలో, చెప్పకుండా వస్తారట. ఆ సంవత్సరాన్ని ఫోను క్యాలెండరులో రాసిపెట్టుకున్నాను.

రాత్రి మా అబ్బాయిని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకున్నాను. వాడికి వచ్చే నెలకు ఆరేళ్లు నిండుతాయి. ఫోను టార్చి వేసి, చెంప పక్కకు లాగి చూశాను. ముందు పళ్లు ఇంకా కదలనైనా లేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, అక్కడికి పాలపళ్ల వరస అయిపోయింది. దాని వెనక చిగురు కొంచెం ఉబ్బి ఉంది. మధ్యలో గోటి మొనంత తెలుపు.

"ఏమైంది నాన్నా?" అన్నాడు, నోరు తెరిచే.

"కదలకు" అని, మా ఆవిణ్ని కేకేశాను. బ్రష్షు తీసుకుని రమ్మన్నాను.