డివైస్‌కు తలుపు తీసేది గెస్టే కావాలి

కాన్ఫిడెన్షియల్ వర్చువల్ మెషీన్ (తనను నడిపే సర్వర్‌కు కూడా తన డేటా కనపడనివ్వని వర్చువల్ మెషీన్) అనగానే అందరూ ఎన్‌క్రిప్షన్ గురించే మాట్లాడతారు. ప్రాసెసర్లలో వచ్చే ఏఎమ్‌డీ ఎస్ఈవీ-ఎస్ఎన్‌పీ అయినా, ఇంటెల్ టీడీఎక్స్ అయినా, గెస్ట్ (అంటే ఆ వర్చువల్ మెషీన్) ర్యామ్‌ను హోస్ట్ (దాన్ని నడిపే సర్వర్) చదవలేకుండా చేసే పని చాలావరకు అయిపోయింది. అసలు చిక్కు జీపీయూ లాంటి డివైస్‌ను లోపలికి తెచ్చుకున్నప్పుడే.

ఇప్పటిదాకా డివైస్‌ను గెస్ట్‌కు మాత్రమే కనపడే ప్రైవేట్ మెమరీ ముట్టుకోనివ్వకుండానే నెట్టుకొచ్చాం. డేటాను ముందు హోస్ట్‌కూ కనపడే షేర్డ్ మెమరీలోని బౌన్స్ బఫర్ అనే మధ్య మజిలీలోకి కాపీ చేసి అక్కణ్ణుంచి డీఎంఏతో (డివైసే మెమరీని నేరుగా చదివే పద్ధతి) పంపుతాం, ఎన్‌విడియా హెచ్100 అయితే ఆ బఫర్‌లో పెట్టే ముందు ఎన్‌క్రిప్ట్ కూడా చేయాలి. పెద్ద మోడళ్లు నడిపేవాళ్లకు ఈ భారం బాగానే తెలుస్తుంది. అందుకే టీడీఐఎస్‌పీ అనే స్పెసిఫికేషన్ వచ్చింది. డివైస్ గుర్తింపును ఎస్‌పీడీఎమ్ ప్రోటోకాల్‌తో తేల్చుకుని, డివైస్‌ను సర్వర్‌కు కలిపే పీసీఐఈ లింకును ఐడీఈ అనే ఎన్‌క్రిప్షన్‌తో కాపాడి, డివైస్‌ను నేరుగా ప్రైవేట్ మెమరీలోకి రానిస్తారు.

మంచి పనే. భయమల్లా "లింకు ఎన్‌క్రిప్ట్ అయింది కదా, ఇక డివైస్ మనదే" అనే తొందర గురించి. డివైస్ రిజిస్టర్లు (డ్రైవర్ దానికి ఆదేశాలు రాసే చోట్లు) గెస్ట్ అడ్రస్‌లలో ఎక్కడ కనపడాలో ఏర్పాటు చేసేది హోస్టే. అందులో రెండు పేజీలు తారుమారు చేశారంటే డ్రైవర్ ఒక రిజిస్టర్ అనుకుని ఇంకోదాంట్లో రాస్తుంది, లింకు మీద ఎన్‌క్రిప్షన్ మాత్రం చక్కగా పనిచేస్తూనే ఉంటుంది! దీనికి మందు స్పెసిఫికేషన్‌లోనే ఉంది: ముందు డివైస్ కాన్ఫిగరేషన్ లాక్ చేయించాలి, తర్వాత దాని ఎమ్ఎమ్ఐఓ రేంజులేవో (రిజిస్టర్లు కనపడే అడ్రస్‌లేవో) చెప్పే ఇంటర్‌ఫేస్ రిపోర్టునూ, డివైస్ నమ్మదగ్గదేనని చూపే అటెస్టేషన్ ఆధారాలనూ గెస్ట్ స్వయంగా సరిచూసుకోవాలి, అన్నీ కుదిరితేనే ఆ రేంజులను ప్రైవేట్‌గా ఒప్పుకుని రన్ స్థితికి పంపాలి. ఈ వరసలో ఒక్క మెట్టు దాటేసినా మిగతావన్నీ దండగే.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది రీసెట్. లాక్ చేసిన సెట్టింగుల మీద ఎవరైనా చెయ్యి వేస్తే డివైస్ ఎర్రర్ స్థితిలోకి పోతుంది, రీసెట్ చేస్తే లాక్ ఊడుతుంది. డివైస్ హ్యాంగ్ అయితే రీసెట్ కొట్టి పని కొనసాగించడం డ్రైవర్లకు ఏళ్లనాటి అలవాటు. ఇక్కడ అలా కుదరదు. పాత ఒప్పుకోలు అక్కడితో చెల్లిపోవాలి, ప్రైవేట్ మ్యాపింగులు తీసేయాలి, తనిఖీ మళ్లీ మొదటినుంచి జరగాలి. దీన్ని ఏ డ్రైవర్‌కు ఆ డ్రైవర్ రాసుకుంటే ఎక్కడో ఒకచోట తప్పు దొర్లడం ఖాయం, కాబట్టి ఈ బాధ్యత ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయైన కెర్నల్ కోర్‌లోనే ఉండాలి. ఒకసారి లోపలికి రానిచ్చాక డివైస్ ఫర్మ్‌వేర్‌లోని (దాని లోపలే నడిచే సాఫ్ట్‌వేర్‌లోని) బగ్ కూడా మన మెషీన్ బగ్గే. ఏ ఫర్మ్‌వేర్‌ను ఒప్పుకోవాలో గెస్ట్ యజమాని పాలసీ ఇవ్వకపోతే, ఎంత నెమ్మదిగా నడిచినా సరే, ఆ డివైస్‌ను షేర్డ్ మెమరీ దగ్గరే ఆపేయాలి.